ఫౌజు కట్టె మీది బిళ్ళ

మా పెదనాయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన మీద నాకు అసహ్యం పుట్టింది మాత్రం పోయిన నెలలోనే. బతికున్నన్నాళ్లూ ఆయనంటే భయం ఉండేది, విసుగు ఉండేది, లోపల్లోపల కాస్త గొప్పగా కూడా ఉండేది. పోయినవాళ్ల గురించి చెడుగా మాట్లాడకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ల ఇళ్లలో మా పెదనాయన లాంటి మనిషి ఉండి ఉండడు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కట్టె కనిపిస్తుంది. మూరకు కాస్త ఎక్కువ పొడుగు, బొటనవేలంత లావు, నల్లగా నిగనిగలాడే బెత్తం. ఒక కొసన ఇత్తడి గుబ్బ. గుబ్బ మీద రూపాయంత బిళ్ళ. బిళ్ళ చుట్టూ రెండు ఆకుల కొమ్మలు, పైన కిరీటం, మధ్యలో విల్లు లాంటిదేదో ఉండేవి. ఇంట్లో అందరం దాన్ని ఫౌజు కట్టె అనేవాళ్లం. మా తాత నిజాం ఫౌజులో పనిచేశాడట. ఆ కట్టె ఫౌజు అఫ్సర్లు చంకలో పెట్టుకునేదట. విల్లు, నాలుగు బాణాలు తాత పల్టన్ గుర్తట. ఇవన్నీ పెదనాయన చెప్పినవే. తాత ఫొటో ఒకటి గోడకు ఉండేది. ఇత్తడి గుండీల కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, చంకలో ఇదే కట్టె. నల్లగొండ దగ్గరి మా ఊళ్లో ఆ కోటు చూసినవాళ్లెవరూ రెండో మాట అడగలేదు. మా నాయన పుట్టిన ఏడాదికే తాత పోయాడు కాబట్టి మా నాయనకు తెలిసింది కూడా అన్న చెప్పిందే.

పెదనాయన మాత్రం ఏనాడూ ఫౌజులో లేడు. ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్లు మోసి, ఫైళ్లు సర్ది రిటైరయ్యాడు. ఇంటికొచ్చాక మాత్రం కర్నల్. నా చిన్నప్పుడు రెండు కుటుంబాలమూ చంపాపేట్‌లో ఒకే ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఆయన ఆఫీసు నుంచి రాగానే గడప ముందు ఆగి, కట్టె కొసతో చెప్పులన్నీ ఒక వరసలోకి నెట్టేవాడు. ఎవరి చెప్పు అడ్డంగా ఉంటే వాళ్లకు ఆ పూట తిట్లు. పిల్లల పొట్టల మీద గుబ్బ ఆనించి "లోపలికి" అనేవాడు. మేము ఊపిరి బిగబట్టేవాళ్లం. కూరగాయల బండి వస్తే వంకాయలను చేత్తో ముట్టుకోడు, కట్టెతో పొడిచి చూస్తాడు. బండామె పుచ్చు వంకాయలన్నీ మాకే అంటగట్టేది. ఆమె చేసిన పని నాకిప్పుడు ఎంతో న్యాయంగా కనిపిస్తోంది.

ఇంకొకటి చెప్పాలి, చెప్పడానికి నాకే ఎలాగో ఉంది. ఆయనకు వీపు దురద. ఎండాకాలం బనీను ఎత్తుకుని కట్టె సన్నకొసతో బరబరా గోక్కునేవాడు. అదే కొసతో వంటింట్లోకి వచ్చి గిన్నెల మీద మూతలు ఎత్తి చూసేవాడు. ఓసారి చారు గిన్నెలో కొస మునిగింది. పెద్దమ్మ కొస తుడిచి ఇచ్చి, ఆ చారే అందరికీ పోసింది. మేము తాగాం. ఫౌజు కట్టె కదా.

"ఫౌజీ ఇంట్ల గిట్ల నడ్వది." ఇది ఆయన ఊతపదం. ఉప్పు ఎక్కువైనా ఇదే, కరెంటు పోయినా ఇదే, పెద్దమ్మకు జ్వరమొచ్చి పొద్దెక్కేదాకా లేవకపోయినా ఇదే. నా పెళ్లిలో మా మామగారు బ్యాండు మాట్లాడి బయానా కూడా ఇచ్చేశారు. పెదనాయన కట్టె నేలకు కొట్టి వద్దన్నాడు. సన్నాయి ఒక్కటే ఉండాలన్నాడు. ఫౌజు బ్యాండు విన్న చెవులకు ఈ బజారు వాయింపులు పడవని మేం సర్దుకున్నాం.

ఆ కట్టె మీది బిళ్ళ వల్లే మా అక్క పెళ్లి ఆగిపోయింది. అక్క అంటే పెదనాయన ఒక్కగానొక్క కూతురు, నాకంటే మూడేళ్లు పెద్ద. అక్కకు ఇరవై మూడేళ్లప్పుడు ఒక సంబంధం వచ్చింది. చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద పెళ్లిళ్లకు బ్యాండు వాయించే కుటుంబం. మా కులమే, మా జిల్లానుంచి వచ్చినవాళ్లే. పిల్లవాడు డిగ్రీ దాకా చదివి, తండ్రితో పాటు క్లారినెట్ వాయించేవాడు. అక్క కుట్టు నేర్చుకోవడానికి వెళ్లే దారిలోనే వాళ్ల దుకాణం. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. ఆ సంబంధం మాట వచ్చినప్పటి నుంచి అక్క ఇల్లు ఊడుస్తూ పాడుకునేది, అది మాత్రం విన్నాను.

ఒక ఆదివారం పొద్దున పిల్లవాడి తండ్రి ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. పిల్లవాడు గేటు దగ్గరే నిలబడ్డాడు. పెదనాయన వాళ్లను కూర్చోమనలేదు. మంచినీళ్లు తెస్తున్న పెద్దమ్మను కట్టె అడ్డం పెట్టి వెనక్కి పంపించాడు. తర్వాత ఆ గుబ్బను తీసుకెళ్లి బ్యాండాయన చొక్కా గుండీ మీద ఆనించాడు.

"గీ బిళ్ళ సూసినవా? గిది నిజాం ఫౌజుది. మా నాయిన తుపాకి పట్టిండు. మీరేమో పెండ్లిల్లల్ల పీకలూది, ఆఖరి పంక్తిల బువ్వకు నిలవడెటోళ్లు. నా బిడ్డనిస్తనని ఎట్ల అనుకున్నరు?"

ఆ పెద్దాయన తల వంచి చాలాసేపు బిళ్ళనే చూశాడు. ఏదో అంటాడనుకున్నాం. దండం మాత్రం పెట్టాడు. ఆయన పరువు పోయి నోరు పెగలడం లేదని నేననుకున్నాను.

పెదనాయనకు అది చాలలేదు. నా వైపు తిరిగాడు. "ఏమ్రా, ఇంట్ల సదువుకున్నోనివి నువ్వే. నువ్వు చెప్పు."

"బ్యాండోళ్లకు పిల్లనిస్తే కాలేజీల నేను తలెట్ల ఎత్తుకోవాలె, పెదనాయన?" అన్నాను నేను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. పెద్దవాళ్ల మధ్య నిలబెట్టి అడిగితే ఏదో ఒకటి అనాలి కదా. వాళ్లు వెళ్లిపోయారు. వంటింటి తలుపుకు పరదా ఉండేది, దాని వెనక అక్క ఉంది.

ఆ తర్వాత వచ్చిన సంబంధాలేవీ ఫౌజు ఇంటికి తూగలేదు. ఒకడు కిరాణా, ఒకడు లారీ, ఒకడు కంపౌండరు. కొన్నేళ్లకు రావడమే మానేశాయి. పెద్దమ్మ పోయింది. తండ్రీ కూతుళ్లు అల్మాస్‌గూడలో రెండు గదుల ఇల్లు వేసుకుని వెళ్లిపోయారు. అక్క జాకెట్లు కుట్టి ఆ ఇల్లు నడిపింది, ఆయన వరండాలో కూర్చుని అక్క దగ్గరికొచ్చే ఆడవాళ్ల చెప్పులు కట్టెతో సర్దాడు. పోయిన ఏడు దవాఖానలో పోయాడు. కట్టె నాకిమ్మన్నాడని అక్కే తెచ్చి ఇచ్చింది.

నేను చేసిన పని చూడండి. దాన్ని అద్దాల ఫ్రేములో పెట్టి ఎల్‌బీ నగర్‌లోని మా ఫ్లాటు హాల్లో తగిలించాలనుకున్నాను. సంవత్సరీకానికి చుట్టాలు వస్తారు, చూస్తారు. కట్టె సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కబోతే సంచి తనిఖీ చేసే అతను "గిదేంది సార్?" అన్నాడు. "మా తాత ఫౌజు కట్టె" అన్నాను. అతను లేచి నిలబడి దారిచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ దాకా మూడు స్టేషన్లు నేను వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను.

ఫ్రేముల దుకాణం ఆయనది గుంటూరు వైపు. కొలతలు తీసుకుని, "కింద ఇత్తడి రేకు మీద పేరు చెక్కిస్తే నిండుగా ఉంటదండీ. ఏ రెజిమెంటండీ ఇది?" అన్నాడు.

నాకు తెలియదు. యాభై ఏళ్లుగా ఆ కట్టె చుట్టూ తిరిగిన ఇంట్లో ఆ పల్టన్ పేరేమిటని ఒక్కరూ అడగలేదు. అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాను.

"నాకేం చెప్తడు తమ్మీ, నేను ఆడిపిల్లను" అంది అక్క. కుట్టు మిషను చప్పుడు ఆగింది. "కనుక్కో. దేనికోసమని నేను ఇంట్ల కూసున్ననో దాని పేరన్న ఎర్కైతది. తెలిసినంక ముందుగాల నాకే చెప్పు."

అంతవరకు ఫ్రేము కోసం వెతకాలనుకున్న పేరు అప్పటినుంచి అక్క కోసం వెతకాల్సి వచ్చింది.

మా కాలనీలో ఒక రిటైర్డ్ సుబేదార్ ఉన్నాడు, ఆయనదీ నల్లగొండ వైపే. ఆయన కట్టెను పేపరు మీద పెట్టి, బిళ్ళను నిమ్మచెక్కతో రుద్ది, భూతద్దం పెట్టి చూశాడు.

"ఇది విల్లు కాదు సార్. బాణాలైతె మొనలుంటయి గద. ఇవి తీగలు. ఇది తీగల వాయిద్యం. బ్యాండోళ్ల గుర్తు."

"ఫౌజులో కూడా బ్యాండ్ ఉంటుంది కదండీ?" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ఉంటది. మా దాంట్ల గూడ ఉండె. కాని ఫౌజు బిళ్ళకు కింద పట్టీ ఉంటది, పట్టీల పల్టన్ పేరుంటది. దీనికి పట్టీ అరిగిపోలేదు, మొదలే లేదు. నిజాం ఫౌజు గురించి నాకు అంతగ తెల్వదు. పేరు లేని పల్టన్ మాత్రం ఏ ఫౌజుల ఉండది. మీరు జర ఎవరన్న పాత బ్యాండ్ మాస్టర్‌కు చూపెట్టుర్రి."

గేటు దాకా వచ్చాక ఆయన ఇంకో మాట చెప్పాడు. "మీ పెదనాయన ఓసారి ఎల్‌బీ నగర్ బస్టాపుల నాకు కలిసిండు. కట్టె చూసి, ఏ పల్టన్ సార్ మీ నాయినది అని అడిగిన. బస్సొచ్చింది అని ఎక్కిండు. అది విజయవాడ బస్సు."

సుబేదార్ నవ్వలేదు. నాకు మాత్రం ఆ ముసలాయన ఎక్కరాని బస్సు ఎక్కి, హయత్‌నగర్ దగ్గరో ఎక్కడో దిగి, కట్టె చంకలో పెట్టుకుని వెనక్కి వస్తున్న దృశ్యం కళ్ల ముందు ఆడింది. జాలి పడాల్సిన చోట ఒళ్లు జలదరించింది. అబద్ధమని తెలియని మనిషి అలా బస్సెక్కడు.

రెండు రోజులు కట్టెను బీరువాలో పెట్టాను. పాత బ్యాండ్ మాస్టర్లు నాకు తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు. చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద ఆ దుకాణం ఇంకా ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా నేను ఎదురు వైపు చూస్తూ దాటుతున్నాను. మూడో రోజు మధ్యాహ్నం నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను.

దుకాణం నిండా ఎర్ర కోట్లు వేలాడుతున్నాయి. ఇత్తడి గుండీలు, భుజాల మీద జరీ కుచ్చులు. మా తాత ఫొటోలోని కోటు అక్కడ డజను ఉంది. ఇంకా నేను సంచి విప్పనే లేదు, నా మొహం మాడిపోయింది. లోపల కూర్చుని క్లారినెట్ తుడుస్తున్నది ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డ మనిషే. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు.

"అన్నా, ఈ బిళ్ళ దేనిదో చెప్తరా?" అని కట్టె తీశాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. లేచి, గోడ మీది తన తండ్రి ఫొటో వెనక చెయ్యి పెట్టి ఒక కట్టె తీసి నా దాని పక్కన పెట్టాడు. అదే బెత్తం, అదే గుబ్బ, అదే కిరీటం, అవే తీగలు.

"జత తమ్మీ ఇవి. ఒకటి మా తాతది, ఒకటి మీ తాతది. ఇద్దరు కలిసి ఈ బ్యాండు పెట్టిన్రు. ముందల నడుసుకుంట కట్టె ఊపెటోడు మాస్టర్. మీ తాత ఊపుతుంటే సూడనీకె జనం డాబాలెక్కెటోళ్లట. మా నాయిన చెప్పెటోడు."

"మా తాత ఫౌజులో ఉన్నానని చెప్పుకునేవాడా?"

"ఆయన ఎందుకు చెప్తడు? మాస్టర్ అంటె అప్పట్ల తక్కువ పేరా? సెలవులకు గా కోటు మీదనె ఊరికి పొయ్యెటోడట. ఊరోళ్లే ఫౌజు అనుకున్నరు. మీ పెదనాయన అదే పట్టుకున్నడు."

"మరి మీ నాయినకు ఇదంతా తెలుసు కదా. ఆ రోజు గుబ్బ రొమ్ము మీద పెట్టి అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?"

ఆయన క్లారినెట్‌ను డబ్బాలో పెట్టి మూత వేశాడు. "ముందటి రోజు పొద్దుగాల మీ పెదనాయన మా ఇంటికొచ్చిండు. ఒక్కడే. కట్టె తేలేదు. మా అమ్మ చాయ్ ఇస్తే తాగిండు. మా నాయిన చెయ్యి పట్టుకుని, 'మా నాయిన సంగతి మా ఇంట్ల ఎవ్వలకు తెల్వది, నీ నోటెంట రానియ్యకు' అని ఏడ్చిండు. మా నాయిన ఒట్టు పెట్టిండు. చుట్టాలం కావట్టె, మీ ఇంటి మాట నేనెందుకు బయట పెడుత అన్నడు. సంబంధం కలిసినట్టే అనుకున్నం. మా అమ్మ మిఠాయి గూడ తెప్పించింది."

అర్థమవుతోందా మీకు? వాళ్లింట్లో చాయ్ తాగి, ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చి, మాట తీసుకున్నాడు. ఇక వీళ్లు నోరు విప్పరని గట్టి చేసుకున్నాకే మర్నాడు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ పెద్దాయన తల వంచి అంతసేపు చూసింది తన తండ్రి కట్టెకు జత కట్టెను. చూసి, ఇచ్చిన మాట కోసం దండం పెట్టి వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా దక్కని మనిషి. ఛీ. అలాంటి పెదనాయన పక్కన కూర్చుని నేను ఎన్నేళ్లు అన్నం తిన్నాను.

"మీ నాయిన పోయినంకన్నా మీరు చెప్పొచ్చు కదా, అన్నా" అన్నాను.

"ఎవ్వలికి? ఆమెకా? ఆమెకు తండ్రి గద." తుడిచే గుడ్డ మడుస్తూ అడిగాడు. "మంచిగున్నదా?"

ఆయనకు పెళ్లయింది, ఇద్దరు కొడుకులు. అయినా ఆ ఒక్క మాట అడగడానికి ఆయన చూపు వీధి వైపు తిప్పుకోవలసి వచ్చింది. మంచిగున్నదని చెప్పి లేచాను.

అటు నుంచి అటే అల్మాస్‌గూడ వెళ్లాను. దారంతా పెదనాయనను తిట్టుకుంటూనే ఉన్నాను. కట్టెను అక్క ముందు పడేసి విరగ్గొట్టమని చెప్పాలనుకున్నాను. ఆయన ఫొటో తీసి పారేద్దాం అనాలనుకున్నాను. అక్క తరఫున కోపం తెచ్చుకోవడం ఎంత సుఖంగా ఉందో ఏం చెప్పను.

అక్క మిషను ముందు కూర్చుని జాకెట్‌కు హుక్కులు కుడుతోంది. ఎక్కడా ఆపకుండా అంతా చెప్పాను. కోట్లు, జత కట్టెలు, చాయ్, ఏడుపు, ఒట్టు. అక్క సూది ఆపి విన్నది.

"అంటె నాయినకు అంత ఎర్కే" అంది.

"ఎర్కే."

"వాళ్లింట్ల చాయ్ తాగిండు."

"తాగిండు అక్కా. అట్లాంటి మనిషి..."

"ఆయన ఏమన్నడు? ఆ దుకాణం ఆయన."

"మంచిగున్నదా అని అడిగిండు."

అక్క తల ఊపింది. హుక్కు కుట్టడం పూర్తి చేసి, దారం కొరికి, జాకెట్ మడిచి పక్కన పెట్టింది. కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమోనని నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను.

"నాయిన భయంతోటి అన్నడు తమ్మీ" అంది. "నిజం బయటవడ్తదని వణికి అన్నడు. అది పాడు పనే. మూడు నెలలు దవాఖానల ఆయన మలమూత్రాలు ఎత్తిన, నాకు ఇంకా అసహ్యమేం మిగిలింది? నీ సంగతి చెప్పు. నీకేం భయముండె? నీకు అప్పుడు ఏమీ తెల్వదు గద. నువ్వెందుకన్నవు గా మాట?"

ముప్పై ఏళ్లలో ఆ మాట తను విన్నట్టు అక్క ఒక్కసారి కూడా చూపించలేదు. చిన్నవాణ్ణని చెబుదామనుకున్నాను. పెద్దవాళ్లు నిలదీశారని చెబుదామనుకున్నాను. అక్క నా మొహంలోకే చూస్తోంది.

"పెదనాయన మెచ్చుకుంటడని, అక్కా" అన్నాను.

"మెచ్చుకున్నడు" అంది అక్క. "పొయ్యేటప్పుడు బిడ్డ ఏమైతదని ఒక్కమాట అడగలే. కట్టె నీకే ఇయ్యిమన్నడు."